హాల్యార్డులు కాక్‌పిట్‌కి తేవాలంటే డెక్ అంతా చిల్లులేనా?

తెరచాప_తిప్పలు
9 మీటర్ల బోటు. మాస్ట్ (తెరచాప స్తంభం) డెక్ మీదే నిలబడుతుంది, కీల్ (బోటు అడుగు వెన్ను) దాకా దిగదు. మెయిన్, జిబ్ హాల్యార్డులు (పెద్ద సెయిల్‌నీ ముందు సెయిల్‌నీ ఎత్తే తాళ్లు) రెండూ మాస్ట్ మీది విన్చ్‌ల (తాడు చుట్టి బిగించే డ్రమ్ముల) దగ్గరే ఆగుతున్నాయి, కాబట్టి సెయిల్ ఎత్తాలన్నా దించాలన్నా ఒకరు ముందుకి పాకాల్సిందే. రెండూ వెనక చుక్కాని పట్టి కూర్చునే కాక్‌పిట్‌కి తెద్దామని కూర్చుని లెక్క వేశాను. మాస్ట్ అడుగున కప్పీలు రెండు (8 బోల్టులు), కోచ్‌రూఫ్ మీద, అంటే కేబిన్ కప్పు మీద, తాళ్లని మళ్లించే చక్రాల ఆర్గనైజర్ (3), వెనక తాడుని జారకుండా పట్టే డబుల్ క్లచ్ (4), విన్చ్ (5). మొత్తం 20 చిల్లులు. డెక్ చూస్తే బాల్సా కోర్, అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య తేలిక చెక్క. చెయ్యి ఆడట్లేదు.
అడగాల్సినవి మూడు. ఆర్గనైజర్ లేకుండా కప్పీ నుంచి నేరుగా క్లచ్‌కి తెస్తే ఏమవుతుంది? బోల్టులకి బదులు పొడుగు స్క్రూలు చాలవా (లోపల సీలింగ్ లైనింగ్ విప్పాలంటే ప్రాణం మీదకొస్తోంది)? విన్చ్ ఎడమ పక్కా, కుడి పక్కా?

కప్పీ_బాబాయ్
స్క్రూల సంగతి ముందు తేల్చేద్దాం. తాడులో ఎంత లాగుడు ఉందో కప్పీ మీద అంతే పడుతుందనుకుంటారు చాలామంది. కాదు, తాడు ఎంత మలుపు తిరిగితే అంత పెరుగుతుంది. 30 డిగ్రీల మలుపుకి లాగుడులో 0.52 వంతు, 45కి 0.77, 60కి సరిసమానం, 90కి 1.41 రెట్లు, పూర్తిగా వెనక్కి తిరిగితే 2 రెట్లు.
మీ హాల్యార్డులో 400 కిలోల లాగుడు ఉందనుకోండి. మాస్ట్ అడుగు కప్పీ మీద 565 కిలోలు పడుతుంది, అదీ 45 డిగ్రీల ఏటవాలుగా పైకి, వెనక్కి. అందులో నిలువుగా పైకి పీకేదే 400. బాల్సాలో దిగిన స్క్రూ దాన్ని ఆపదు. ఆర్గనైజర్ దగ్గర 30 డిగ్రీల మలుపైతే 200 కిలోల చిల్లర, అదీ డెక్ వెంబడే పక్కకి. అక్కడ కూడా స్క్రూ వద్దు. ఇవాళ ఊడిరాకపోయినా రోజూ వెంట్రుకవాసి కదిలి నీళ్లకి దారిస్తుంది.

ఉప్పుగాలి
20లో 8 చిల్లులు ఇప్పుడే కొట్టేయండి. మాస్ట్ డెక్ మీదే ఉందన్నారుగా, కప్పీలు డెక్‌కి బిగించడం దేనికి? మాస్ట్ కూర్చునే అడుగు పలకకి చెవులుంటాయి, లేకపోతే చెవులున్న పలక ఒకటి దాని కింద వేయొచ్చు. కప్పీ పైకి పీకే బలం, మాస్ట్ కిందికి తొక్కే బలం ఆ పలకలోనే సరిపోతాయి. డెక్‌కి తెలియను కూడా తెలియదు.
కీల్ దాకా దిగే మాస్ట్ ఉన్నవాళ్లు మాత్రం ఈ పని చేయొద్దు. అక్కడ మాస్ట్ తొక్కేది కీల్‌ని, కప్పీ పీకేది డెక్‌ని. హాల్యార్డు బిగించినకొద్దీ కోచ్‌రూఫ్ బోర్లించిన మూకుడులా ఉబ్బుతుంది. దానికి డెక్ నుంచి మాస్ట్‌కి లోపల టై రాడ్ (రెండిటినీ కట్టి ఉంచే కడ్డీ) ఉండాలి, లేదా కప్పీలు మాస్ట్‌కే బిగించిన కాలర్‌కి (పట్టీకి) తగిలించాలి.

తెరచాప_తిప్పలు
పలక చూశాను, ఒక్కో పక్క రెండేసి చెవులున్నాయి. ఇన్నేళ్లూ అవి దేనికో తెలియలేదు 😅

చుక్కాని_చిట్టి
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. రీఫ్ (గాలి పెరిగితే సెయిల్ కొంత దించి చిన్నది చేయడం) ఎక్కణ్ణుంచి వేస్తారు?
మెయిన్ హాల్యార్డు ఒక్కటే వెనక్కి తెచ్చి, రీఫ్ రింగు మాత్రం గూస్‌నెక్ (సెయిల్ అడుగు కర్ర బూమ్ మాస్ట్‌కి కలిసే కీలు) దగ్గర కొమ్ముకి తగిలించాలంటే ఆ గాలిలో ముందుకి పాకడం తప్పదు. పైగా హాల్యార్డు వదిలేవాడు కాక్‌పిట్‌లో, రింగు తగిలించేవాడు మాస్ట్ దగ్గర. ఇద్దరి మధ్య అరుపులు. ఇంతకుముందు ఒక్కడు చేసుకునే పనికి ఇప్పుడు ఇద్దరు కావాలి. తెస్తే రీఫ్ తాళ్లు కూడా తేవాలి, లేకపోతే అన్నీ మాస్ట్ దగ్గరే వదిలేయాలి.

గాలివాటం
నా ఓటు వదిలేయడానికే. మాస్ట్ దగ్గర విన్చ్ ఉంటే హాల్యార్డు, రింగు, సెయిల్ మడత మూడూ చేతికందే దూరంలో ఉంటాయి. వెనక్కి తెచ్చారంటే మూడు మలుపులు, మూడు కప్పీల రాపిడి, కాక్‌పిట్ నిండా తాళ్ల కుప్ప. తాడు ఎన్ని మలుపులు తిరిగితే మనకి అంత అలుపు. సెయిల్ దానంతటది కిందికి దిగదు, ఆఖరికి ముందుకెళ్లి చేత్తో గుంజాల్సిందే.

కప్పీ_బాబాయ్
@గాలివాటం ఎత్తేటప్పుడు రాపిడి నిజమే. దించేటప్పుడు కప్పీల మీద నెపం వేయకండి. బేరింగ్ రాపిడి లాగుడుని బట్టి ఉంటుంది. దించేటప్పుడు తాడు వదులుగానే ఉంటుంది కదా. సెయిల్ దిగట్లేదంటే మూడు చోట్ల చూడాలి. మాస్ట్ గాడిలో స్లైడ్లు పట్టేస్తున్నాయా, 12 మి.మీ. మొద్దు తాడుని చిన్న చక్రాల్లోంచి లాగుతున్నారా, క్లచ్ వెనక తోక మెలిపడి అడ్డం పడుతోందా. చక్రం వ్యాసం తాడు మందానికి అయిదారు రెట్లైనా ఉండాలి. గాడిలో నూనె పూయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. పొడి లూబ్రికెంట్ చాలు.

తెరచాప_తిప్పలు
@చుక్కాని_చిట్టి ఆ సంగతి నాకు తట్టలేదు. జిబ్ ఫర్లర్ (సెయిల్‌ని నిలువునా చుట్టేసే పరికరం) మీద ఉంది. సీజన్ మొదట్లో ఎత్తితే మళ్లీ దించేది సీజన్ చివర్లోనే.

చుక్కాని_చిట్టి
మరి ఆ జిబ్ హాల్యార్డుని వెనక్కి తెచ్చి ఏం చేసుకుంటారండీ? ఏడాదికి రెండుసార్లు కదిలే తాడుకి క్లచ్చా? దాన్ని మాస్ట్ దగ్గరే ఉంచండి, పాత విన్చ్ కూడా దానికే ఉంటుంది. వెనక్కి రావాల్సినవి మూడు: మెయిన్ హాల్యార్డు, మొదటి రీఫ్‌కి ముందు అంచు తాడు, వెనక అంచు తాడు. ట్రిపుల్ క్లచ్, ఒక విన్చ్.

లంగరు_లడ్డు
రెండు తాళ్లెందుకు, ఒకే తాడుతో వేసే రీఫ్ ఉందిగా? ఒక క్లచ్ మిగులుతుంది.

చుక్కాని_చిట్టి
ఉంది. ఆ ఒక్క తాడే బూమ్ వెనక నుంచి సెయిల్ వెనక రింగుకి ఎక్కి దిగి, బూమ్‌లోంచి ముందుకొచ్చి, ముందు రింగుకి ఎక్కి దిగి, అప్పుడు మాస్ట్ అడుక్కి రావాలి. బారెడు కాదు, బజారెడు తాడు. రాపిడంతా ఒకదాని మీద ఒకటి పేరుకుని, ముందు అంచు బిగిసినా వెనక అంచు వేలాడుతూనే ఉంటుంది. చిన్న బోట్లకి నడుస్తుంది. 9 మీటర్లకి రెండు తాళ్లే నయం, ఏది బిగిసిందో ఏది బిగియలేదో చేతికి తెలుస్తుంది.
వరుస కూడా రాసేస్తున్నా. హాల్యార్డు గుర్తు దాకా వదలాలి. ముందు అంచు తాడు లాగి క్లచ్ వేయాలి. హాల్యార్డు మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే వెనక అంచు. ముందే వెనక అంచు లాగితే ముందు రింగు కిందికి రాదు, గుడ్డ మీద ఏటవాలు లాగుడు పడుతుంది. ఆ "గుర్తు" అంటే, రీఫ్ వేసినప్పుడు హాల్యార్డు క్లచ్‌లో ఎక్కడుంటుందో అక్కడ రంగు దారంతో నాలుగు చుట్లు కుట్టేయడం. చీకట్లో కూడా వేలికి తగులుతుంది.

గాలివాటం
సరే, రీఫ్ తాళ్లతో సహా అంటే ఒప్పుకుంటా. సగం సగం పనికే నా అభ్యంతరం.

ఉప్పుగాలి
@లంగరు_లడ్డు మిగిలిన క్లచ్ మీద గ్లాసు పెట్టుకుందామనా?

లంగరు_లడ్డు
గ్లాసు జారని క్లచ్ ఏ కంపెనీది?

నీలి_ముడి
ఎడమా కుడా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ చాలా డెక్కుల మీద తప్పు జరిగేది అక్కడే. ఎడమ పక్క గీసిన కొలతనే అద్దంలో బొమ్మలా తిప్పి కుడి పక్క వేసేస్తారు. విన్చ్ అలా తిరగదు. పై నుంచి చూస్తే డ్రమ్ ఎప్పుడూ గడియారం ముల్లు దారినే తిరుగుతుంది. కాక్‌పిట్‌లో నిలబడి ముందుకి చూస్తుంటే, మాస్ట్ వైపు నుంచి వచ్చే తాడు డ్రమ్ కుడి అంచుని తాకాలి. బోటులో ఏ పక్కనైనా ఇంతే. అంటే విన్చ్ నడిబిందువు క్లచ్‌ల మధ్య గీత మీద ఉండకూడదు, డ్రమ్ వ్యాసంలో సగం ఎడమకి జరగాలి. డ్రమ్ 70 మి.మీ. అయితే 35 మి.మీ.
రెండోది ఎత్తు. తాడు డ్రమ్‌కి కాస్త కింద నుంచి ఎక్కుతూ రావాలి, 5 నుంచి 8 డిగ్రీలు. క్లచ్ నోటికీ డ్రమ్‌కీ మధ్య 300 మి.మీ. దూరముంటే ఎత్తు తేడా 26 నుంచి 42 మి.మీ. మట్టంగా వస్తే చుట్టు మీద చుట్టు ఎక్కి తాడు ఇరుక్కుపోతుంది, ఇక చేత్తో ఊడదీయలేరు. విన్చ్ కింద దిమ్మ పెట్టేది ఇందుకే. కోచ్‌రూఫ్ పక్కకి వాలుగా ఉంటుంది కాబట్టి దిమ్మ అడుగుని ఆ వాలుకి అరగదీయాలి. అప్పుడే డ్రమ్ ఇరుసు క్లచ్ వరుసకి సరిగ్గా నిలుస్తుంది.
మూడోది హ్యాండిల్. 250 మి.మీ. హ్యాండిల్ తిరగడానికి 500 వ్యాసం ఖాళీ కావాలి, పిడికిలికి చుట్టూ ఇంకో 50. స్ప్రేహుడ్ (కాక్‌పిట్ ముందు తుంపర ఆపే గుడ్డ గొడుగు) వేసి ఉండగా కొలవండి, మడిచి కాదు. క్లచ్ పిడి ఎటు తెరుచుకుంటుందో, స్ప్రేహుడ్ పైపుకి తగులుతుందేమో అప్పుడే చూసుకోండి.

తెరచాప_తిప్పలు
కుడి అంచు సంగతి నాలుగు సార్లు చదివి, డబ్బాకి తాడు చుట్టి చూస్తే గానీ ఎక్కలేదు. నేను గీసుకున్నది తప్పే 🙏 కుడి పక్క స్ప్రేహుడ్ పైపు అడ్డం వస్తోంది, అందుకే విన్చ్ ఎడమ పక్కే.

కప్పీ_బాబాయ్
ఆర్గనైజర్ లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. నడి మధ్యలో జరిగే హ్యాచ్ (కేబిన్ ద్వారం మూత) ఉంది కదా, తాడు దాని పక్కకి వెళ్లి మళ్లీ తిన్నగా వెనక్కి రావాలి. మాస్ట్ నుంచి ఏటవాలుగా నేరుగా క్లచ్‌లోకి పంపితే తాడు ఒక పక్కకి ఒరుసుకుంటూ పోతుంది. లోపలి కామ్ (తాడుని నొక్కి పట్టే పన్ను) ఒకే చోట అరిగిపోతుంది, తాడు తొడుగు పీచులు లేస్తుంది. క్లచ్‌లోకి తాడు తిన్నగా వెళ్లాలంటే ఆర్గనైజర్ తప్పదు. దాని చక్రం ఎత్తు క్లచ్ నోటి ఎత్తుకి సరిపోవాలి, లేకపోతే కింద చెక్క ముక్క.
డ్రిల్లు పట్టుకునే ముందు ఒక పూట సుతిలి దారంతో గడపండి. ఫిట్టింగులన్నీ రెండు వైపులా అంటుకునే టేపుతో డెక్ మీద అతికించి, మాస్ట్ అడుగు నుంచి విన్చ్ దాకా దారం బిగించి చూడండి. హ్యాచ్ మూలకి ఎక్కడైనా తగులుతోందా, చేతిపట్టీ కింద నుంచి పోతోందా, హ్యాచ్ తెరిస్తే ఇరుక్కుంటోందా, అన్నీ అప్పుడే బయటపడతాయి. లోపలికెళ్లి అదే కొలతకి పైన దీపం, వైరు, అడ్డదూలం ఉన్నాయేమో కూడా చూడాలి.

ఎపాక్సీ_ఎంకన్న
బాల్సా అనగానే నిద్ర లేచాను.
బోల్టు చిల్లు బాల్సాలోంచి ఉత్తగా పోకూడదు. సీలెంట్ ఎంత మంచిదైనా ఏదో ఒక రోజు వదులుతుంది. ఆ రోజు నీళ్లు తగలాల్సింది ఎపాక్సీకి (రాయిలా గట్టిపడే రెసిన్‌కి), కోర్‌కి కాదు. 6 మి.మీ. బోల్టుకి ఇలా చేయండి.
చిల్లు పడే చోట టేపు అతికించి, జెల్‌కోట్ (డెక్ పైపూత) దాటేదాకా డ్రిల్లు వెనక్కి తిప్పండి, అంచు పెచ్చు లేవదు. తర్వాత 12 మి.మీ. బిట్‌తో పై పొర, కోర్ మాత్రమే. కింది పొర తగలగానే ఆపేయాలి. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి.
బిట్‌కి అంటుకొచ్చిన పొడిని వేళ్ల మధ్య నలిపి చూడండి. మీగడ రంగులో పొడిపొడిగా రాలిందా, కోర్ బతికే ఉంది. గోధుమ రంగులో ముద్దయి వేలికి తడి తగిలిందా, అక్కడితో పని ఆపేయండి. ఆ తడి ఎంతదూరం పోయిందో తేలాకే ముందుకి. తడి కోర్ మీద ఎపాక్సీ పోస్తే నీళ్లని లోపల బంధించినట్టే.
పొడిగా ఉంటే పొట్టి కాలున్న అలెన్ కీని డ్రిల్లుకి బిగించి చిల్లులో నెమ్మదిగా తిప్పాలి. రెండు పొరల మధ్య కోర్ చుట్టూ 6 మి.మీ. దాకా తినేస్తుంది, పొరలకేమీ కాదు. వాక్యూమ్‌తో పొడి లాగేయండి. ముందు పలచటి ఎపాక్సీ పూసి 10 నిమిషాలు వదలండి, బాల్సా నరాలు తాగేస్తాయి. ఇది ఎగ్గొడితే చిక్కటి దానిలోని రెసిన్‌నే బాల్సా పీల్చేసి అతుకు ఎండిపోతుంది. తర్వాత కొల్లాయిడల్ సిలికా (చిక్కబరిచే పొడి) కలిపిన ఎపాక్సీ, కర్రకి పట్టి ఎత్తితే జారకుండా నిలిచేంత గట్టిగా. సిరంజితో అడుగు నుంచి పైకి నింపాలి, పై నుంచి కుక్కితే కింద గాలి బుడగ ఉండిపోతుంది. 24 గంటలు ఆగి, దాని నడుమ 6.5 మి.మీ. చిల్లు కింది దాకా. చివరగా పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో 10 మి.మీ. వెడల్పున గిన్నెలా చెక్కండి, సీలెంట్ ఉంగరంలా కూర్చునేది అందులోనే.
విన్చ్ కింది 5 చిల్లులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒక్కొక్కటీ కుదరదు. పై పొర గుండ్రంగా కోసి, అక్కడి బాల్సా మొత్తం తీసి, అదే మందం జీ10 (గాజునార, ఎపాక్సీల గట్టి పలక) బిళ్ల ఎపాక్సీలో పెట్టి పొర తిరిగి మూయడం మేలు. దిమ్మ ఎలాగూ ఆ కోత కప్పేస్తుంది.

బోల్టు_మీద_నట్టు
ఎంకన్న గారు పైభాగం చెప్పారు, నేను కిందిభాగం అందుకుంటా. వాషరు ఒక్కటి చాలదు. ప్రతి ఫిట్టింగుకీ దానికంటే చుట్టూ 15–20 మి.మీ. పెద్దదైన పలక కావాలి, 5 మి.మీ. జీ10 లేదా 6 మి.మీ. అల్యూమినియం. మూలలు గుండ్రంగా అరగదీయాలి, లేకపోతే మూల దగ్గర్నుంచే పొర చిట్లుతుంది. డెక్ కింది వైపు ఎప్పుడూ ఎగుడుదిగుడే. పలక మూడు చోట్ల మాత్రమే తాకుతుంటే అది ఉన్నా లేనట్టే. పలక మీద చిక్కటి ఎపాక్సీ రాసి, మైనం పూసిన బోల్టులతో వేలిబిగువుగా పట్టించి ఆరనివ్వండి, పూర్తిగా కూర్చుంటుంది. అసలు బిగింపు ఆ తర్వాతే.
బోల్టులు 316 స్టీలు. పొడవు అంచనా వేయకండి, కూడండి. ఆర్గనైజర్ 22, డెక్ 25, పలక 5, పెద్ద వాషరు 1.5, నైలాక్ నట్టు 6, మొత్తం 59.5. నట్టు దాటి రెండు మరలు కనిపించాలి కాబట్టి 65 మి.మీ. బోల్టు చివర మన తల ఎత్తులో వేలాడితే డోమ్ నట్టు (గుండ్రటి టోపీ నట్టు) వేయండి, తలకాయలు బతుకుతాయి.

గాలివాటం
సీలెంట్‌కి పాలీయురిథేన్ వేసేయండి, మళ్లీ చూడక్కర్లేదు.

ఎపాక్సీ_ఎంకన్న
చూడక్కర్లేదు అంటే విప్పడం కుదరదని. క్లచ్ కామ్ మార్చాలంటే కొన్ని రకాల్లో క్లచ్ మొత్తం ఎత్తాలి, అప్పుడు జెల్‌కోట్ కూడా దాంతో లేచొస్తుంది. క్లచ్, ఆర్గనైజర్లకి బ్యుటైల్ టేపే (మెత్తటి జిగురు రబ్బరు) నా మాట. చిన్న పాములా నులిమి బోల్టు తల కింద శంకువులా చుట్టండి, ఫిట్టింగు అడుగున పలచగా పరవండి. పై నుంచి స్క్రూడ్రైవర్‌తో బోల్టు కదలకుండా ఒకరు పట్టుకోవాలి, కింద నట్టు మాత్రమే ఇంకొకరు తిప్పాలి. బోల్టు తిరిగిందా, శంకువు చిరిగినట్టే. ఒకే రోజు బిగించేయకండి, రోజుకి పావు చుట్టు చొప్పున మూడు రోజులు. టేపు మెల్లగా బయటికి ఉబ్బుతూ ఉంటుంది, కత్తితో కోసేయడమే.
సిలికాన్ మాట ఎత్తకండి. దాని జిడ్డు ఉన్నచోట ఆపైన ఏదీ అతుక్కోదు. పాలీసల్ఫైడ్ కొన్ని ప్లాస్టిక్‌లని తినేస్తుంది, క్లచ్ ఒళ్లు ప్లాస్టిక్ అయితే దాని జోలికి పోవద్దు.

బోల్టు_మీద_నట్టు
ఇక్కడ మాత్రం ఎంకన్న గారితో పేచీ. విన్చ్ దిమ్మ కింద బ్యుటైల్ మెత్తనవుతుంది. అక్కడ ఊగుడు ఎక్కువ, ఎండకి టేపు సాగుతుంది. దిమ్మని డెక్‌కి ఎపాక్సీతోనే అతికించి, దిమ్మకీ విన్చ్‌కీ మధ్య మాత్రం బోల్టు మెడల దగ్గర బ్యుటైల్. విన్చ్ అడుగున నీళ్లు పోయే కాలువలుంటాయి, వాటిని మూసేయకూడదు.

ఎపాక్సీ_ఎంకన్న
దిమ్మ సంగతి ఒప్పుకున్నా.

నీలి_ముడి
పాత హాల్యార్డే వాడదామనుకుంటున్నారేమో, పొడవు చాలదు. మాస్ట్ 11 మీటర్లనుకుందాం. సెయిల్ దించి ఉన్నప్పుడు తల బూమ్ దగ్గరుంటుంది. అక్కణ్ణుంచి పైకి 10, కిందికి 11, వెనక్కి 4.5, తోక 2. మొత్తం 27.5, అంటే 28 మీటర్లు.
సాగుడు కూడా మారుతుంది. ఇప్పుడు లాగుడు పడే తాడు మాస్ట్ తల నుంచి విన్చ్ దాకా 9.7 మీటర్లు. కాక్‌పిట్‌కి తెస్తే 15.5. అదే తాడు అదే లాగుడుకి దాదాపు 60 శాతం ఎక్కువ సాగుతుంది. పాలియెస్టర్ అయితే గాలి పెరగ్గానే సెయిల్ ముందు అంచు ముడతలు పడుతుంది. డైనీమా (చాలా తక్కువ సాగే నార) కోర్, పాలియెస్టర్ తొడుగు ఉన్న 8 మి.మీ. తాడు తీసుకోండి.

ఉప్పుగాలి
8కి దిగితే క్లచ్ కూడా దానికి తగ్గది కొనాలి. 8–14 పట్టే క్లచ్‌లో 8 మి.మీ. తాడు పెడితే పెట్టె మీద రాసిన బరువు పట్టదు, అరిచేతి బెత్తెడు జారి అప్పుడు పట్టుకుంటుంది. తాడు మందం క్లచ్ హద్దుల్లో మధ్యలోనో పై చివరో ఉండాలి. 6–10 రకం చూడండి. ఉన్న క్లచ్‌ని మార్చలేకపోతే క్లచ్ ఉండే మీటరు మేర తాడు మీద అదనపు తొడుగు ఎక్కించొచ్చు, సెయిల్ పూర్తిగా ఎత్తినప్పుడూ రీఫ్ వేసినప్పుడూ క్లచ్‌లో ఉండేది ఆ తొడుగేనా అని కొలుచుకుని.
లాగుడు మీద క్లచ్ పిడి ఎత్తకండి. ముందు విన్చ్ మీద మూడు చుట్లు వేసి బరువు అందుకుని, అప్పుడు ఎత్తండి. లేకపోతే తాడు తొడుగు కామ్ దగ్గర మాడుతుంది, చేతులు కూడా.

తెరచాప_తిప్పలు
ఇంకొక్కటి. హాల్యార్డు మాస్ట్‌లోంచి బయటికొచ్చే కంత 1.8 మీటర్ల ఎత్తులో ఉంది. అడుగున కొత్త కంత కొయ్యాలా?

కప్పీ_బాబాయ్
వద్దు. ఆ కంత నుంచే బయట మాస్ట్ వెంబడి కిందికి దించి కప్పీలో వేయండి. మాస్ట్ అడుగునే బరువు ఎక్కువ, అక్కడ అవసరం లేకుండా కోతలు ఎందుకు. కంత కింది అంచు తాడుకి కోసుకోకుండా నున్నగా ఉందో లేదో వేలు పెట్టి చూడండి, చాలు. మాస్ట్‌కి ఏదైనా స్టీలు స్క్రూ వేయాల్సివస్తే మాత్రం జింక్ క్రోమేట్ పేస్టు రాయకుండా వేయకండి, అల్యూమినియం తెల్లగా పొడైపోతుంది.

తెరచాప_తిప్పలు
అయితే లెక్క మారింది. మాస్ట్ అడుగు కప్పీలు మూడూ పలక చెవులకే, చిల్లులు సున్న. మూడు చక్రాల ఆర్గనైజర్ 3, ట్రిపుల్ క్లచ్ 6, విన్చ్ 5. మొత్తం 14. జిబ్ హాల్యార్డు ఉన్నచోటే. ఈ వారం సుతిలి దారం, టేపు. బాల్సా పొడి రంగు చూశాకే మిగతావి కొంటా.

లంగరు_లడ్డు
దారం పని అయ్యాక ఫోటో పెట్టండి. విన్చ్ కుడికి జరిపారో ఎడమకి జరిపారో మేము చూసి చెప్తాం.

నీలి_ముడి
ఎడమకి!!